ఎడిర్నెలో రెండు రోజులు

టర్కీ వెళ్ళొచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగేవి రెండే ప్రశ్నలు. ఇస్తాంబుల్లో బ్లూ మాస్కు చూశారా, కప్పడోకియాలో బెలూను ఎక్కారా అని. మొదటిది చూశాం, రెండోది ఎక్కలేదు. "మరి ఇంకేం చూశారు?" అంటే "ఎడిర్నె" అంటాను. ఆ పేరు ఎవరూ విని ఉండరు, మాట అక్కడితో ఆగిపోతుంది. కానీ ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ ఊరే. అందుకే ఇవాళ తీరిగ్గా దాని గురించే రాద్దామని కూర్చున్నాను.

అల్లుడి ఉద్యోగం మూలంగా మా అమ్మాయి వాళ్ళు రెండేళ్ళు ఇస్తాంబుల్లో ఉన్నారు. 2019 అక్టోబరులో మమ్మల్ని రమ్మన్నారు. మేం వెళ్ళడమే ఒక పెద్ద విశేషం. అప్పటికి నాలుగేళ్ళుగా మా అత్తయ్యగారికి మతిమరుపు జబ్బు. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోయే మతిమరుపు కాదు, కన్నకొడుకుని "ఎవరి అబ్బాయివి నాయనా?" అని అడిగే మతిమరుపు. రాత్రి రెండింటికి లేచి వాకిలి తలుపు గడియ తీసి, "పొద్దుపోయింది, మా ఇంటికి పోతా" అనేవారు. ఆవిడ ఉన్నది ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లే. ఆ నాలుగేళ్ళలో నేను ఊరు దాటింది లేదు. మా ఆడపడుచు "పన్నెండు రోజులు నేనుంటాను, వెళ్ళిరండి" అని వస్తేనే కదిలాం. బయల్దేరే ముందు ఫోన్లలో ఇంకో మాట కూడా నడిచింది. ఊరవతల పెద్దవాళ్ళని చూసుకునే హోం ఒకటుంది, అమ్మని అక్కడ చేర్పిద్దామా అని మా మరిది ఎత్తాడు. తిరిగొచ్చాక తేల్చుకుందాం అని మావారు అప్పటికి వాయిదా వేశారు. సూట్‌కేసులో ఊరగాయ సీసాలతో పాటు ఆ మాట కూడా సర్దుకుని విమానం ఎక్కామన్నమాట.

ఇక ఎడిర్నె. ఇస్తాంబుల్ నుంచి పడమరగా బస్సులో మూడు గంటలలోపు ప్రయాణం. దారి పొడుగునా చదునైన నేల, కోత అయిపోయిన పొద్దుతిరుగుడు చేలు. ఆ ప్రాంతాన్ని థ్రేస్ అంటారు. టర్కీలో పొద్దుతిరుగుడు ఎక్కువగా పండే చోట్లలో ఇదొకటి. వరి కూడా ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా పండేది ఎడిర్నె జిల్లాలోనే అని అల్లుడు చెప్పగానే, మావారికి ఆ ఊరి మీద సగం గౌరవం అప్పుడే వచ్చేసింది. గుంటూరు జిల్లా మనిషి కదా!

మ్యాపులో చూస్తే ఊరు సరిగ్గా మూలన ఉంటుంది. ఒక పక్క గ్రీసు, ఇంకో పక్క బల్గేరియా. రెండూ కారులో అరగంట దూరంలోపే. మెరిచ్, తుంజ, ఆర్దా అని మూడు నదులు అక్కడ కలుస్తాయి. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ పేరు మీద హేడ్రియనోపోలిస్ అయి, తర్వాత ఏడ్రియనోపుల్ అయి, చివరికి ఎడిర్నె అయింది. 1360ల్లో ఆటోమన్లు దీన్ని పట్టుకున్నారు. 1453లో ఇస్తాంబుల్ చేజిక్కేదాకా వాళ్ళ రాజధాని ఇదే. ఇస్తాంబుల్ని గెలిచిన రెండో మెహ్మెద్ పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆ కోటగోడలు బద్దలు కొట్టిన పెద్ద ఫిరంగిని పోత పోసిందీ ఇక్కడే. అంత చరిత్ర ఉన్నా, ఇప్పుడు చూడ్డానికి మన జిల్లా కేంద్రంలా ఉంటుంది. కాలేజీ పిల్లలు, టీ దుకాణాలు, చెట్ల కింద బల్లల మీద కూర్చున్న ముసలివాళ్ళు.

ఊళ్ళోకి అడుగుపెట్టక ముందే కనిపించేది సెలిమియే మసీదు. నాలుగు మినార్లూ డెబ్భై మీటర్లకు పైగా ఎత్తు. కట్టించింది రెండో సెలీమ్ సుల్తాను, కట్టింది మిమార్ సినాన్. ఆ పని సాగుతున్నప్పుడు సినాన్ వయసు ఎనభై దరిదాపుల్లో ఉంది. అంతకు ముందు ఇస్తాంబుల్లో కట్టిన షెహ్‌జాదె మసీదుని శిష్యరికం నాటి పని అనీ, సులేమానియేని చేయి తిరిగాక చేసిన పని అనీ, ఇదొక్కటే తన గురుత్వానికి గుర్తు అనీ ఆయన చెప్పుకున్నాడంటారు. లోపలికి వెళ్తే ఎనిమిది స్తంభాల మీద ముప్ఫై ఒక్క మీటర్ల వెడల్పు గుమ్మటం. ఎక్కడ నిలబడి చూసినా ఏదీ అడ్డు రాదు. సుల్తాను మాత్రం దాన్ని చూడలేదు పాపం. 1574 డిసెంబరులో ఆయన పోతే, 1575లో మసీదు తెరిచారు.

ఒక పాలరాతి స్తంభం మీద తలకిందులుగా చెక్కిన చిన్న తులిప్ పువ్వు ఉంది. అందరూ దాన్ని వెతుక్కుంటూ వస్తారు. మసీదుకి ముందు అక్కడ తులిప్ తోట ఉండేదట. ఆ తోట యజమాని స్థలం ఇవ్వనని మొండికేస్తే, ఆ మొండితనానికి గుర్తుగా పువ్వుని తిరగేసి చెక్కారని కథ. "ఇచ్చేదాకా ఎంత సతాయించి ఉంటారో, తిరగేసి చెక్కాల్సింది సుల్తాను తలపాగాని" అన్నాను. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది.

మసీదు కింద వరసగా దుకాణాలున్న బజారు ఉంది. అక్కడ నాకు టైమే తెలియలేదు. పళ్ళ ఆకారంలో సబ్బులు అమ్ముతారు. దానిమ్మ, ద్రాక్షగుత్తి, పీచు, పుచ్చకాయ ముక్క, అన్నీ అచ్చం పళ్ళే. వాటిని ఒంటికి రాసుకోరు. బుట్టలో పేర్చి గదిలో వాసన కోసం పెట్టుకుంటారు, పెళ్ళికూతురి సామాను పెట్టెల్లో బట్టల మధ్య దాస్తారు. మనం పట్టుచీరల్లో గంధపు చెక్క పెట్టుకోమూ, అలాగ. పక్కనే చిన్న చిన్న అద్దాలు కుట్టిన చీపుర్లు. పెళ్ళికూతురి సారెలో చీపురూ ఇచ్చేవారట. అద్దం ఎందుకంటే, ఊడుస్తూ ఊడుస్తూ తన మొహం కూడా ఒకసారి చూసుకుంటుందని ఒక కథ చెప్పింది దుకాణం ఆవిడ. పని చెప్పడం మాత్రం ఏ దేశంలోనూ మరిచిపోలేదు, కానీ అద్దమన్నా ఇచ్చారు, మనకి ఉత్త చీపురే అనుకున్నాను.

భాష రాకపోయినా ఆ బజారులో నాకు ఇబ్బంది అనిపించలేదు. సబ్బుని సబూన్ అంటారు. బాదంని బాదెం, దుకాణాన్ని దుక్కాన్, పరదాని పెర్దె, కాగితాన్ని కాయిత్. టీ అక్కడా చాయే. అరబ్బీ, పారశీక మాటలు అటు వాళ్ళ ఇళ్ళలోకీ, ఉర్దూ మీదుగా ఇటు మన ఇళ్ళలోకీ వచ్చి కూర్చున్నాయి. బాదం ముద్దతో చేసే మిఠాయి ఈ ఊరి ప్రత్యేకం. అరకిలో కొన్నాం, ఇస్తాంబుల్ చేరేసరికి పావుకిలో మిగిలింది.

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు కదా. ఈ ఊరి పేరు చెప్తే టర్కీ వాళ్ళకి నోరూరేది 'జియెర్ తవా'కి. రెండు మాటలూ మనకి తెలిసినవే. జిగర్, తవా. కార్జాన్ని ఆకులంత పల్చగా కోసి, పిండి అద్ది, నూనెలో కరకరలాడేలా వేయిస్తారు. పక్కన నూనెలో వేయించిన ఎండుమిరపకాయలు పెడతారు. అది దూడ కార్జం కాబట్టి మేమిద్దరం వద్దనుకున్నాం. అల్లుడు తిన్నాడు. బియ్యాన్ని వెన్నలో వేయించి వండిన పిలావు, గడ్డపెరుగు, ఆ మిరపకాయలు తెప్పించుకుని మావారు ఊరమిరపకాయలు నంజుకున్నట్టు నంజుకుంటూ తిన్నారు. హోటల్ కుర్రాడు ఇంకో పళ్ళెం మిరపకాయలు తెచ్చి, నిలబడి మరీ చూశాడు.

రెండో రోజు పొద్దున్నే తుంజ నది ఒడ్డుకి వెళ్ళాం. రెండో బయెజీద్ సుల్తాను 1484లో మొదలుపెట్టి 1488కి పూర్తి చేయించిన కట్టడాల సముదాయం అది. మసీదు, వైద్యం నేర్పే పాఠశాల, బీదలకి అన్నం పెట్టే వంటశాల, ఆసుపత్రి, అన్నీ ఒకే చోట. ఇప్పుడు ఆసుపత్రి భాగాన్ని మ్యూజియం చేశారు. అక్కడి ట్రాక్యా యూనివర్సిటీ నడుపుతోంది. 2004లో యూరప్ కౌన్సిల్ వాళ్ళ మ్యూజియం బహుమతి దానికి వచ్చింది. అమ్మాయి ఈ మాటలన్నీ ఫోనులో చదువుతుంటే ఏదో పాత ఆసుపత్రి అనుకుంటూ లోపలికి నడిచాను.

మొదటి ఆవరణలో రోగుల్ని చూసే గదులు, వంటిల్లు, బట్టలుతికే గది. ఎక్కడికెళ్ళినా నా కళ్ళు వాటి మీదే పడతాయి మరి. పెద్ద పొయ్యి, పెద్ద పొగగొట్టం. ఆసుపత్రి అంటే ముందు వంటా, ఉతుకూ అని ఐదొందల ఏళ్ళ కిందటే తెలిసినవాళ్ళు కట్టారు. అది దాటి లోపలికి వెళ్తే ఆరు పలకల పెద్ద హాలు, పైన గుమ్మటం, గుమ్మటం నెత్తిన వెలుతురు పడే కిటికీలు. నడిమధ్య రాతి తొట్టి, అందులో సన్నగా చిమ్మే నీళ్ళు. చుట్టూ గదులు. ఒక వైపు వాద్యకారులు కూర్చునే అరుగు. గదుల్లో అప్పటి బట్టలు వేసిన బొమ్మలు. ఒక గదిలో మంచం మీద దిగులుగా కూర్చున్న మనిషి, పక్కన వైద్యుడు.

ఆ గదుల్లో ఉంచింది మతి చెదిరినవాళ్ళని. పదిహేడో శతాబ్దంలో ఎవ్లియా చెలెబీ అనే గొప్ప యాత్రికుడు ఈ ఊరొచ్చి, చూసినదంతా రాసిపెట్టాడు. ఈ రోగుల కోసమే పదిమంది పాడేవాళ్ళనీ, వాయించేవాళ్ళనీ జీతాలిచ్చి పెట్టారట. వారానికి మూడుసార్లు కచేరీ. మన రాగాల్లాగా వాళ్ళకి మకామ్‌లున్నాయి, ఏ బాధకి ఏ మకామ్ అని లెక్క ఉంది. వసంతంలో గులాబీలు, మల్లెలు, తులిప్‌లు తెచ్చి వాసన చూడమని రోగుల చేతికిచ్చేవారు. వంటశాల నుంచి మంచి మాంసంతో వండిన భోజనం వచ్చేది. అంతా స్వర్గమనీ కాదు. రోగుల్ని గొలుసులతో కట్టడం కూడా ఉన్నట్టు ఆయనే రాశాడు. కానీ మతి లేనివాడికి ఏ పువ్వైతేనేం, ఏ పాటైతేనేం అని మాత్రం అక్కడ ఎవరూ అనుకోలేదు.

హాల్లో సన్నగా నేయ్ వాయిద్యం రికార్డు పెట్టారు, మన మురళిలా ఉంటుంది. రాతి గోడల మధ్య ఆ పాట, నీళ్ళ చప్పుడు కలిసి వినిపిస్తున్నాయి. నేను తొట్టి గట్టు దగ్గర నిలబడిపోయాను. నాకు గుర్తొచ్చింది పాట గురించి కాదు. "ఆవిడకేం తెలుస్తుందే, ఏదో ఒకటి పెట్టు" అని ఇంటికొచ్చిన చుట్టాలు చాలామంది నాతో అనేవారు. ఉతికిన చీర కట్టి, జడ వేసి, గుప్పెడు మల్లెపూలు పెడితే, "ఈ వయసులో, ఈ స్థితిలో పూలెందుకు?" అని ఒకావిడ ముక్కు విరిచింది కూడా. భర్త పోయినావిడకి పూలేమిటన్నది పైకి అనని మాట. కానీ పూలు పెట్టిన సాయంత్రాల్లో అత్తయ్యగారు తల తడుముకుంటూ, వేళ్ళు వాసన చూసుకుంటూ ఒక గంట నిమ్మళంగా కూర్చునేవారు. ఆ గంటలో నేను వంట చేసుకునేదాన్ని. నేను చేసింది వైద్యమో కాదో నాకు తెలియదు గానీ, ఒక సుల్తాను దానికి ఆస్తులు రాసిచ్చి మరీ చేయించాడని అక్కడ తెలిసింది.

మావారు ఆ బోర్డులన్నీ వేళ్ళు పెట్టి లెక్కపెడుతున్నారు. వైద్యులు ఇంతమంది, వంటవాళ్ళు ఇంతమంది, చాకళ్ళు, కాపలావాళ్ళు, పాడేవాళ్ళు పదిమంది. చివరికి నా వైపు తిరిగి, "ఇంతమంది చేసేది మనింట్లో నువ్వొక్కదానివే చేస్తున్నావు కదే" అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, చెప్పొద్దూ. కానీ ఏడుస్తూ ఆ మాట వదిలేయదలుచుకోలేదు. "ఈ మాట నాతో కాదండీ, మీ తమ్ముడితో, మీ అక్కయ్యతో అనండి" అన్నాను.

ఆ సాయంత్రం మెరిచ్ వంతెన మీంచి నడిచి అవతలి ఒడ్డుకి వెళ్ళాం. 1847లో పూర్తయిన రాతి వంతెన అది. దాటితే కరాఆచ్ అనే పేట, చెట్ల నీడలో రాళ్ళు పరిచిన దారి. దాని చివర ఒక అందమైన పాత రైల్వే స్టేషన్ ఉంది. ఇప్పుడందులో లలితకళల కాలేజీ నడుస్తోంది, ముందర ఒక బొగ్గింజను నిలబెట్టారు. ఆ స్టేషన్ కథ వినండి. 1923లో లోజాన్ ఒప్పందంతో గ్రీసుకీ టర్కీకీ మధ్య మెరిచ్ నది చాలా వరకు హద్దయింది. నదికి అవతల ఉన్నా, ఈ ఒక్క పేట మాత్రం టర్కీకి వచ్చింది. కానీ రైలు పట్టాలు మాత్రం పాత చోటే ఉన్నాయి. దాంతో ఇస్తాంబుల్ నుంచి ఎడిర్నె రావాలంటే, అంటే సొంత దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, రైలు గ్రీసులోకి వెళ్ళి మళ్ళీ టర్కీలోకి రావాల్సి వచ్చేది. 1971లో కొత్త లైను వేసేదాకా అంతే. మనుషుల సంగతి ఇంకా కష్టం. అదే ఏడాది రెండు దేశాలూ జనాన్ని మార్చుకున్నాయి. పన్నెండు లక్షల మంది దాకా క్రైస్తవులు అటూ, నాలుగు లక్షల మంది దాకా ముస్లింలు ఇటూ. తరతరాలుగా ఉన్న ఇంటికి తాళం వేసి, ఎప్పుడూ చూడని 'స్వదేశానికి' వెళ్ళారు.

మనకీ కొంచెం తెలుసు ఇది. మా పెద్దమ్మ వాళ్ళది ఎటపాక. భద్రాచలం రాములవారి గుడికి నడిచి వెళ్ళేంత దూరం. 2014 తర్వాత గుడి తెలంగాణలో, ఇల్లు ఆంధ్రాలో. పెద్దమ్మ కదల్లేదు, గీత కదిలింది. అక్కడ ఎవర్నీ వెళ్ళగొట్టలేదు కాబట్టి రెండూ ఒకటే అనను. కానీ ఆ స్టేషన్ ముందు నిలబడితే అత్తయ్యగారి అర్ధరాత్రి మాట నాకు వేరేగా వినిపించింది. "మా ఇంటికి పోతా" అంటే మేం "ఇదే కదండీ మీ ఇల్లు" అని నచ్చజెప్పేవాళ్ళం. ఆవిడ ఎక్కడికీ కదలకుండానే చుట్టూ ఉన్న హద్దులన్నీ మారిపోయాయి. పక్క మనిషి కొడుకో కాదో తెలియదు, ఆ గోడ తనదో కాదో తెలియదు. అలాంటి మనిషితో ఇదే నీ ఇల్లు అని వాదించడం దేనికి?

తిరిగొచ్చిన వారంలో అందరూ మా హాల్లో కూర్చున్నారు. మావారు ఎడిర్నె పేరు ఎత్తలేదు. పగలు ఒకామె, రాత్రి ఒకామె, ఇద్దరు మనుషుల్ని పెడదాం, జీతాలు ముగ్గురం పంచుకుందాం, మూడు నెలలకోసారి పదిహేను రోజులు వంతున వచ్చి ఉండండి అని చెప్పారు. మా మరిది కొంచెం నసిగాడు. అప్పటికి పన్నెండు రోజులు, పన్నెండు రాత్రులు చూసుకున్న మా ఆడపడుచు, "నువ్వు రెండు రాత్రులుండి చూడరా, తర్వాత మాట్లాడు" అంది. అంతే, అక్కడితో తేలిపోయింది. హోంలో చేర్చినవాళ్ళని నేనేమీ అనను. ఎవరింటి బరువు వాళ్ళకే తెలుసు. మాకు ఇది కుదిరింది.

అత్తయ్యగారు తర్వాత రెండేళ్ళున్నారు. రాత్రి లేచి "మా ఇంటికి పోతా" అంటే, "పోదాం అత్తయ్యగారూ, మీ ఇంట్లో బావి దగ్గర ఏం చెట్టుంది?" అని అడిగేదాన్ని. "నందివర్ధనం" అని చెప్పేవారు. దాని పక్కన? కనకాంబరాలు. ఆ పక్కన? అలా దొడ్డంతా తిరిగొచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చేది. పోయేనాటికి కూడా మమ్మల్ని గుర్తుపట్టలేదు. దొడ్లో ఒక్క చెట్టు మాత్రం తప్పు చెప్పలేదు.

ఇస్తాంబుల్ వెళ్ళేవాళ్ళుంటే రెండు రోజులు ఎడిర్నెకి ఇవ్వండి. ఒక్క రోజే ఉంటే పొద్దున్న సెలిమియే, మధ్యాహ్నం బయెజీద్ ఆసుపత్రి చూసి, పొద్దుగుంకే వేళకి మెరిచ్ ఒడ్డున టీ తాగండి. మసీదులోకి వెళ్ళడానికి తల మీద కప్పుకునే చున్నీ, తీసి వేసుకోవడానికి వీలైన చెప్పులు ఉంచుకోండి. పళ్ళ సబ్బులు తెలిసినవాళ్ళకి పంచడానికి బావుంటాయి, తేలిక కూడా. మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్ళుంటే ఆ మ్యూజియంకి ఒక్కరే వెళ్ళకండి. ఇంట్లో ఆ పని చెయ్యనివాళ్ళని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి.